వృద్ధాశ్రమంలో తోడు సంపాదించుకోవడం ఎలా?

వృద్ధాశ్రమంలో చేరేవారికి గది గురించి, భోజనం గురించి, డాక్టరు ఎన్నాళ్లకోసారి వస్తాడన్న దాని గురించి చెప్పేవారు చాలామంది ఉంటారు. పక్కమంచం మనిషితో ఎలా వేగాలో, ఎలా దగ్గరవాలో చెప్పేవారు తక్కువ. రోజులో ఎక్కువ గంటలు గడిచేది మాత్రం ఆ మనిషితోనే. ఇన్నేళ్లూ మన స్నేహాలు వాటంతటవే వచ్చాయి. బడి కొన్ని ఇచ్చింది, ఉద్యోగం కొన్ని ఇచ్చింది, ఇరుగుపొరుగు మిగతావి ఇచ్చింది. డెబ్బై దాటాక, ముక్కూమొహం తెలియనివారి మధ్య మళ్లీ స్నేహం చేయడం ఎవరికీ అలవాటు లేని పని.

నేను గమనించినంతలో అక్కడి స్నేహాలు మనసు విప్పి మాట్లాడుకోవడంతో మొదలుకావు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఏదో ఒక చిన్న పని దగ్గర ఇద్దరు కూర్చోవడంతో మొదలవుతాయి. మాటలు ఆ తర్వాత వస్తాయి. కింద చెప్పేవన్నీ ఆ వేళను, ఆ పనిని ఎలా కుదుర్చుకోవాలన్న దాని గురించే. చేరబోయే పెద్దవారిని ఉద్దేశించి రాస్తున్నాను. ఇది పిల్లల చేతికి వస్తే ఆ పెద్దవారికి చదివి వినిపించండి.

1. చేరకముందు ఒకసారి టీ వేళకు వెళ్లి చూడండి

ఆశ్రమం వారు గదులు చూపిస్తారు, వంటిల్లు చూపిస్తారు, పూజగది చూపిస్తారు. మీరు హాలు చూడండి. పొద్దున పదకొండింటికి వెళ్తే అన్నీ సర్ది ఉంటాయి. సాయంత్రం టీ ఇచ్చే వేళకు వెళ్తే అక్కడి బతుకు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. టీ గ్లాసు పట్టుకుని ఎవరి గదికి వారు వెళ్లిపోతున్నారా, నలుగురు ఒకచోట చేరుతున్నారా? టీవీ ఎవరూ చూడకపోయినా మోగుతూనే ఉందా?

కుర్చీలు ఎలా వేశారో తప్పకుండా చూడండి. గోడవారగా వరుసగా, బస్టాండులో బల్లల్లా వేసి ఉంటే అక్కడ మాటలు తక్కువని అర్థం. ఇది నా ఊహ మాత్రమే కాదు. 1950లలో కెనడాలోని సస్కాచెవాన్‌లో రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ఆసుపత్రి వృద్ధుల వార్డులో ఇదే పరీక్షించాడు. గోడకు ఆనించిన కుర్చీలను తీయించి చిన్న బల్లల చుట్టూ వేయించాడు. మొదట్లో అందరూ విసుక్కున్నారు. కొన్ని వారాలకు వారి మధ్య మాటలు దాదాపు రెట్టింపయ్యాయి. మనుషులు వారే, వార్డు అదే. మారింది కుర్చీలే. మీరు చేరే చోట కుర్చీలు గోడవారగానే ఉంటే చేరడం మానుకోనక్కరలేదు. చేరిన తర్వాత రెండు కుర్చీలు ఎదురెదురుగా జరిపించుకోండి. ఖర్చు లేని పని.

వీలైతే నిర్వాహకులు పక్కన లేనప్పుడు అక్కడివారిలో ఒకరిద్దరితో మాట్లాడండి. “ఇక్కడ మీకు బాగా దగ్గరివారు ఎవరండీ?” అని అడగండి. తడుముకోకుండా ఒక పేరు చెబితే ఆ చోటు మంచిదే. కాసేపు ఆలోచించి “అందరూ మంచివాళ్లే” అంటే ఇంకొక ఆశ్రమం కూడా చూసి రండి. వారం పది రోజులు డబ్బు కట్టి ఉండి చూడనిచ్చే చోట్లు ఉన్నాయి, అదీ అడగండి. డిపాజిట్ తిరిగి ఇచ్చే షరతులు కాగితం మీద ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

2. పెట్టెలో నలుగురికి పనికొచ్చేవి పెట్టుకోండి

చీరలు, పంచెలు, మందులు ఎలాగూ సర్దుతారు. వాటితోపాటు పక్కవారిని మీ దగ్గరకు రప్పించేవి రెండు మూడు పెట్టుకోండి. నాలుగు గవ్వలు ఉంటే అష్టాచెమ్మా ఆడవచ్చు. పట్టం నేల మీద గీస్తే వంగలేరు కాబట్టి, పెద్ద అట్టముక్క మీద ఇరవై ఐదు గళ్లు లావుపాటి గీతలతో ముందే గీయించుకోండి. చూపు మందగించినవారికి కూడా కనిపించేలా గడి అరచేతి వెడల్పు ఉండాలి. చదరంగం, క్యారమ్ బోర్డు అయితే ఆడటం వచ్చినవారే వస్తారు. అష్టాచెమ్మాకు చూడటానికి వచ్చినవారు కూడా ఆటలో దిగుతారు, ఆటకు మించి గొడవ పడతారు కూడా. ఆ గొడవ మంచిదే.

చిన్న రేడియో ఒకటి. పొద్దున్నే ఆకాశవాణి భక్తిరంజనితో నిద్రలేచిన తరం మీది. గదిలో తక్కువ శబ్దంతో పెట్టినా తలుపు దగ్గర ఎవరో ఒకరు ఆగుతారు. ఊరి ఫోటోలు, పెళ్లి ఫోటోలు నాలుగైదు చాలు, మొత్తం ఆల్బమ్ వద్దు. పొడుల సీసా, పచ్చడి జాడీ గురించి ముందు వార్డెన్‌ను అడగండి. కొన్నిచోట్ల గదుల్లో తినుబండారాలు ఉంచనివ్వరు, చీమల వల్ల.

సొంత టీవీ మాత్రం తీసుకెళ్లకండి. గదిలో టీవీ ఉన్నవారు గది దాటి రారు.

3. మొదటి వారంలో చోటు, వేళ కుదుర్చుకోండి

భోజనాల హాల్లో ప్రతి కుర్చీకీ ఒక యజమాని ఉంటారు. పేరు రాసి ఉండదు, అయినా అందరికీ తెలుసు. తొలిరోజు ఖాళీగా కనిపించిన చోట కూర్చుంటే “అది వారి చోటండీ” అని ఎవరో లేపుతారు. అది అవమానంగా తీసుకుంటే అక్కడే చెడుతుంది. ముందే అడగండి: “నేను కొత్తగా వచ్చాను. ఇక్కడ ఎవరైనా కూర్చుంటారా?” ఆ ఒక్క ప్రశ్నతో మీరు పరిచయం చేసుకున్నట్టూ అవుతుంది, చోటూ దొరుకుతుంది.

దొరికిన చోటును కనీసం రెండు వారాలు మార్చకండి. పక్కవారు నచ్చకపోయినా సరే. తెలిసిన ముఖంగా మారడానికి ఆమాత్రం సమయం పడుతుంది. దీనితోపాటు రోజులో ఒక వేళను మీదిగా పెట్టుకోండి. పొద్దున ఆరింటికి వరండాలో నడక, పదింటికి వేపచెట్టు కింద పేపరు, సాయంత్రం ఐదింటికి గేటు దాకా వెళ్లి రావడం, ఏదైనా ఫరవాలేదు. రోజూ అదే వేళకు కనిపిస్తే, మూడో రోజుకో నాలుగో రోజుకో ఇంకొకరు ఆ వేళకు అక్కడికి వస్తారు. మీరు పిలవనక్కరలేదు.

రోజంతా దుప్పటి కప్పుకుని పడుకోవాలని మొదటి వారంలో అందరికీ అనిపిస్తుంది. పడుకోండి, కానీ మీరు పెట్టుకున్న ఆ ఒక్క వేళ తప్పకండి. నెల దాటినా ఆకలి, నిద్ర లేకుండా దిగులుగానే ఉంటే అది కొత్తచోటు వల్ల వచ్చిన బెంగ అని వదిలేయవద్దు, డాక్టరుకు చెప్పండి.

4. పిలుపు, ప్రశ్న

మన పలకరింపులో మూడు ప్రశ్నలు నోటి చివరే ఉంటాయి: ఏ ఊరు, ఇంటిపేరేమిటి, పిల్లలెంతమంది. మొదటిది ఎప్పుడైనా అడగండి. రెండోది అడిగేది పేరు కోసం కాదని అందరికీ తెలుసు. ఇంటిపేరుతో కులం తేలుతుంది, తేలిన వెంటనే భోజనాల బల్లలు రెండుగా చీలుతాయి. మూడోది అన్నిటికంటే ప్రమాదం. పిల్లలు పట్టించుకోనివారు, పిల్లలు పోయినవారు, అసలు లేనివారు, అమెరికాలో ఉండి వారానికోసారి ఫోను చేసే పిల్లలున్నవారు, అందరూ అక్కడే ఉంటారు. “మీ అబ్బాయి ఎందుకు రాలేదు?” అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా అబద్ధం కాని, బాధ కాని జవాబు ఉండదు. వారంతట వారు చెప్పేదాకా ఆగండి.

వాటికి బదులు పని గురించి అడగండి. “మీరు ఏం చేసేవారండీ?” అంటే ఆర్టీసీ డ్రైవరు ఘాట్ రోడ్ల గురించి, నర్సుగా చేసినావిడ కాన్పుల గురించి, రైతు బోరు ఎండిపోయిన ఏడాది గురించి చెబుతారు. “ఇంటి దగ్గరే ఉండేదాన్నమ్మా” అన్నావిడను ఎంతమందికి వండిపెట్టేవారో అడగండి. గంటసేపు కదలకుండా చెబుతారు.

పిలుపులో గౌరవం తగ్గించకండి. తోటివారిని అన్నయ్యగారూ, అక్కయ్యగారూ, వదినగారూ అనండి. చదువు చెప్పినవారైతే మాస్టారూ, టీచరుగారూ. పక్కవారిని “ముసలాయన”, “ముసలావిడ” అని ఎవరితోనూ అనకండి, వినపడుతుంది. ఆయాలను, వంటవారిని పేరు పెట్టి పిలవండి. వారు లేనిదే మీ వరండా కబుర్లకు టీ రాదు.

5. గది పంచుకునేవారితో ముందే ఒప్పందాలు

గదిలో గొడవలు పెద్ద విషయాల మీద రావు. ఫ్యాను, లైటు, కిటికీ, బాత్‌రూము, గురక, ఫోను, ఈ ఆరింటి మీదే వస్తాయి. రెండో రోజునే కూర్చుని మాట్లాడేసుకోండి. రాత్రి లైటు ఎన్నింటికి తీయాలి? ఫ్యాను మూడులో ఉండాలా, ఐదులోనా? చలి వేసేవారి మంచం ఫ్యానుకు దూరంగా జరిపిస్తే సగం గొడవ పోతుంది. పొద్దున బాత్‌రూముకు ముందెవరు? మూత్రానికి తరచూ లేచేవారిని తలుపు వైపు మంచంలో పడుకోనివ్వండి. వారు పడిపోకుండా మసక లైటు ఒకటి రాత్రంతా వెలగనివ్వండి. ఫోనులో వీడియోలు చెవిలో పెట్టుకునే పరికరంతోనే వినాలి. గురకకు మందు లేదు, కాస్త దూదే శరణ్యం.

దేవుడి విషయం విడిగా మాట్లాడాలి. ఒకరు దీపం పెట్టుకుంటారు, ఒకరు బైబిల్ చదువుకుంటారు, ఒకరు నమాజు చేసుకుంటారు. ఆ వేళలు ఒకరికొకరు తెలిసి ఉంటే, అప్పుడు రేడియో కట్టేయడం మర్యాదగా ఉంటుంది. గదిలో ఎవరికైనా ఆక్సిజన్ పెడుతుంటే మాత్రం దీపం, అగరుబత్తి, దోమల చక్ర, ఏదీ ఆ గదిలో వెలిగించకూడదు. ఆక్సిజన్ దగ్గర చిన్న నిప్పు కూడా భగ్గుమంటుంది. పూజగదికి వెళ్లి పెట్టుకోండి.

ఒకటి రెండు నెలలు నిజంగా ప్రయత్నించాక కూడా పడకపోతే గది మార్చమని అడగండి. అడగడం తప్పు కాదు. నెలల తరబడి మొహం ముడుచుకుని ఉండటం ఇద్దరికీ నరకం.

6. వినికిడి సంగతి అందరికీ చెప్పేయండి

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అపార్థాలు చాలావరకు చెవి దగ్గరే పుడతాయి. పలకరిస్తే పలకనివారిని పొగరు అనుకుంటారు. అసలు సంగతి వేరు. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు తగ్గేవి సన్నని, పైస్థాయి శబ్దాలు. స, శ, ఫ, త వంటి హల్లులు ఆ కోవలోనివి. అచ్చులు మాత్రం వినిపిస్తూనే ఉంటాయి. అందుకే అవతలివారు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవై వినిపిస్తాయి, మాట అంతకంటే తెలియకుండా పోతుంది. పైగా అరిచేవారి మొహం కోపంగా కనిపిస్తుంది.

కాబట్టి ఎదురుగా కూర్చుని, మొహం మీద వెలుగు పడేలా, కొంచెం నెమ్మదిగా మాట్లాడండి. పెదవుల కదలిక సగం మాట చెబుతుంది. వెనక నుంచి పిలవకండి. ఒకసారి తెలియని మాటను మూడుసార్లు అదే మాటగా చెప్పకుండా వేరే మాటలో చెప్పండి. భోజనాల హాల్లో వంటింటి చప్పుడు, ఫ్యాను మీ వీపు వైపు ఉండేలా కూర్చుంటే ఎదుటివారి మాట బాగా వినిపిస్తుంది. మీకే వినపడకపోతే మొదటి రోజే చెప్పండి: “నాకు ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చోండి.” సిగ్గుపడి ప్రతి మాటకూ తల ఊపేవారితో నాలుగు రోజుల తర్వాత ఎవరూ మాట్లాడరు.

వినికిడి యంత్రం పెట్టుకునేవారికి బిళ్ల బ్యాటరీల సంగతి తెలిసి ఉండాలి. జింక్ బ్యాటరీ మీద అంటించిన స్టిక్కరు తీసిన క్షణం నుంచే అది ఖర్చవుతుంది, వాడినా వాడకపోయినా. తీశాక ఒకటి రెండు నిమిషాలు గాలికి ఉంచి, అప్పుడు అమర్చండి. రాత్రి బ్యాటరీ మూత తెరిచి పెట్టండి. వేళ్లు వణికేవారికి ఈ పని కష్టం. పక్కవారికి రోజూ బ్యాటరీ మార్చిపెట్టేవారు వారికి ఆప్తులైపోవడం చాలాచోట్ల జరిగేదే.

మతిమరపు ఉన్నవారితో వేరే పద్ధతి. “మావారు వచ్చారా?” అని ఒకావిడ గంటకు నాలుగుసార్లు అడిగితే, “ఆయన పోయి ఎన్నేళ్లయిందో” అని సరిదిద్దకండి. ఆవిడకు ఆ వార్త ప్రతిసారీ కొత్తదే, దుఃఖమూ కొత్తదే. “మీవారు ఏం కూర ఇష్టంగా తినేవారండీ?” అని అడగండి. చెబుతూ చెబుతూ కుదుటపడతారు. పొద్దు వాలే వేళ ఇలాంటివారికి కంగారు ఎక్కువవుతుంది. ఆ వేళకు పక్కన ఒకరు కూర్చుంటే చాలు.

7. చేతికి పని పెట్టుకోండి, పక్కవారికీ పెట్టండి

వంటింట్లోకి రానివ్వకపోయినా చిక్కుడుకాయలు గిల్లడం, చింతపండు గింజ తీయడం, కరివేపాకు దూయడం హాల్లో చేయవచ్చు. వత్తులు చేయడం, పూలు గుచ్చడం ఉన్నాయి. మగవారు వీటికి దూరంగా నిలబడతారు, వారికి పేపరు ఇవ్వండి. చూపు బాగున్న ఒకరు గట్టిగా చదివితే చుట్టూ అయిదుగురు వింటారు, తర్వాత గంటసేపు రాజకీయం.

బ్యాంకులోనో ఆఫీసులోనో పనిచేసి వచ్చినవారికి నవంబరు నెల పండగ. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా ఆ నెలలో బతికి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి, 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. 2014 నుంచి దీన్ని జీవన్ ప్రమాణ్ పేరుతో కంప్యూటర్ ద్వారా ఇవ్వవచ్చు, ఇప్పుడు ఫోనులో మొహం చూపించినా సరిపోతుంది. వేలిముద్రలు అరిగిపోయి పడనివారికి ఇది పెద్ద ఊరట. ఈ పని తెలిసినవారు ఒకరుంటే నెలంతా వారి గది ముందు వరుసే.

మొక్క ఒకటి పెంచండి. 1976లో అమెరికాలోని కనెటికట్‌లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో పరిశోధన చేశారు. ఒక అంతస్తువారికి తలా ఒక మొక్క ఇచ్చి, దాన్ని మీరే చూసుకోవాలి, గది ఎలా సర్దుకోవాలో మీరే నిర్ణయించుకోవాలి అన్నారు. ఇంకో అంతస్తువారికీ మొక్కలిచ్చారు, కానీ నీళ్లు నర్సులు పోస్తారన్నారు. మూడు వారాలకు మొదటివారు ఎక్కువ హుషారుగా, చురుగ్గా కనిపించారు. తర్వాత మరణాల సంఖ్యలోనూ పెద్ద తేడా కనిపించిందన్న మాట బాగా ప్రచారమైంది. ఆ లెక్కలో పొరపాటు ఉందని తర్వాత సవరించారు కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. నీళ్లు మీరే పోయడం అన్నదే మనకు కావలసిన ముక్క. తులసో, కరివేపాకో, మందారమో, కుండీ మీది కావాలి. ఊరెళ్లినప్పుడు పక్కవారిని నీళ్లు పోయమని అడగండి. సాయం చేయడానికి ఎప్పుడూ ముందుండే మనం సాయం అడగడానికి వెనకాడతాం. అడిగించుకున్నవారే ఎక్కువ దగ్గరవుతారు.

8. దాటకూడని గీతలు

తోటివారికి అప్పు ఇవ్వకండి, తీసుకోకండి. పేకాట ఆడితే చింతగింజలతో ఆడండి. మీ మాత్ర వారికి పడుతుందని ఇవ్వకండి. చక్కెర జబ్బు ఉన్నవారికి “ఒక్క ముక్కకు ఏమవుతుంది” అని సున్నుండ పెట్టడం ప్రేమ అనిపిస్తుంది, రాత్రి బాధపడేది మాత్రం వారు. పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టం కావచ్చు, నర్సును అడగకుండా ఏదీ తినిపించకండి. పిల్లలు వచ్చిన రోజు వారు తెచ్చినవి పంచండి, కానీ హాలు మధ్యలో కూర్చుని ముచ్చట్లు ప్రదర్శించకండి. ఎవరూ రానివారు చూస్తుంటారు. వీడియో కాల్‌లో మనవరాలికి మీ గదిలోని అక్కయ్యగారిని కూడా చూపించండి. రెండో వారానికి ఆ పిల్లే “ఆ మామ్మగారేరీ?” అని అడుగుతుంది.

ఇద్దరు మంచి స్నేహితులు కుదిరాక తలుపు తట్టే ఒప్పందం చేసుకోండి. పొద్దున కాఫీకి ఒకరు రాకపోతే రెండోవారు వెంటనే వెళ్లి తలుపు తట్టాలి, పలకకపోతే ఆయాను పిలవాలి. బాత్‌రూములో జారిపడినవారు గంటల తరబడి అలాగే ఉండిపోకుండా కాపాడేది ఇదే. లోపలి గడియ వేసుకోకుండా ఉండటం కూడా ఈ ఒప్పందంలో భాగం.

9. తోడు ఇంకా దగ్గరైతే

భర్త పోయినావిడ, భార్య పోయినాయన రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఆశ్రమంలో గుసగుసలు తప్పవు. సిగ్గుపడవలసింది గుసగుసలాడేవారు. హైదరాబాదులో తోడు నీడ అనే సంస్థ ఒంటరి వృద్ధులకు తోడు వెతకడానికే పనిచేస్తోంది. అంటే ఇది వింత కోరిక కాదు. పెళ్లిదాకా వెళ్లాలనుకుంటే ముందు పింఛను నిబంధన చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లో భర్త తరఫు కుటుంబ పింఛను పొందే మహిళ మళ్లీ పెళ్లాడితే అది సాధారణంగా ఆగిపోతుంది. పిల్లలు లేని వితంతువుకు ఆదాయ పరిమితితో మినహాయింపు ఉంది. పిల్లలకు వార్డెను ద్వారా తెలియనివ్వకండి, మీరే చెప్పండి. ఆస్తి గురించే వారి భయమైతే, వీలునామా రాసి ఉంచితే చాలావరకు చల్లబడుతుంది.

10. ఒకరు పోయినప్పుడు

చాలా ఆశ్రమాల్లో ఒకరు పోతే మిగతావారు భయపడతారని గుట్టుగా పని కానిస్తారు. సాయంత్రానికి మంచం మీద కొత్త దుప్పటి ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు. దీనివల్ల భయం తగ్గదు, రేపు నా గురించీ ఇలాగే ఉంటారన్న ఆలోచన పెరుగుతుంది. మీరు కలసి వార్డెన్‌ను అడగండి: మాకు చెప్పండి, చూసే వీలు కల్పించండి, వెళ్లగలిగినవారిని శ్మశానానికి తీసుకెళ్లండి. ఆ సాయంత్రం పది నిమిషాలు కూర్చుని ఆ మనిషి గురించి తలా ఒక సంగతి చెప్పుకోండి. మంచివే చెప్పాలని లేదు, అష్టాచెమ్మాలో చేసిన మోసాలూ చెప్పుకోవచ్చు. ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చినవారిని “అది ఫలానావారి చోటు” అని మాత్రం లేపకండి.

11. నలుగురు కలిస్తేనే అయ్యే పనులు

వేడినీళ్లు రావడం లేదు, కూరలో కారం ఎక్కువ, రాత్రి పిలిస్తే ఆయా రాదు. ఇవి ఒకరు చెబితే సణుగుడు అవుతుంది, పదిమంది సంతకం పెడితే అర్జీ అవుతుంది. నెలకోసారి నిర్వాహకులతో కూర్చునే రోజు పెట్టమని అడగండి. ఉగాది పచ్చడి ఎవరు కలపాలి, కార్తీకంలో వనభోజనానికి ఎక్కడికి వెళ్లాలి, బతుకమ్మకు పూలు ఎవరు తెప్పిస్తారు, క్రిస్మస్‌కు కేకు ఎవరు పంచుతారు, అన్నీ అక్కడే తేల్చుకోండి. ఎక్కువ ఉత్సాహమున్న ఒకరికే ఏటా అప్పగించకుండా పండగకొకరిని పెట్టండి.

ఎవరినైనా కొట్టినా, తిట్టినా, తిండి మాన్పించినా, డబ్బు కాజేసినా ఆ మనిషి భయపడి చెప్పకపోవచ్చు. పక్కవారు చెప్పాలి. వయోధికుల జాతీయ సహాయ కేంద్రం నంబరు 14567. ఉచితంగా పనిచేస్తుంది, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు. కన్నవారిని పట్టించుకోని పిల్లల మీద 2007 నాటి తల్లిదండ్రుల, వయోధికుల పోషణ సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఆ వివరం కూడా ఆ ఫోనులోనే అడగండి. నంబరును ఫోనులో దాచుకుంటే సరిపోదు, కళ్లజోడు లేకుండా కనిపించేంత పెద్ద అంకెలతో రాసి మీ తలుపు వెనకా, పక్కగది తలుపు వెనకా అంటించండి.